జ్యూస్ డబ్బా ఏ బుట్టలో వేయాలి?

మామిడి జ్యూస్ తాగేశారు. అడుగున మిగిలింది కూడా స్ట్రాతో గుర్రుగుర్రుమంటూ లాగేశారు. ఇప్పుడు ఆ ఖాళీ డబ్బా ఎందులో వేస్తారు? తడి చెత్తలోనా, పొడి చెత్తలోనా? పొడి చెత్తే అనుకుందాం. మరి అది కాగితమా, ప్లాస్టిక్కా?

బయట చూస్తే అట్ట. కోసి లోపల చూస్తే వెండిరంగు రేకు. చేత్తో తడిమితే ప్లాస్టిక్ నునుపు. మూడూ కరెక్టే. అసలు చిక్కు కూడా అదే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొన్న వేసవిలో ఒక నెలపాటు మా ఫ్లాట్‌లో ఇలా రెండు మూడు రకాల సరుకు కలిపి చేసిన ప్యాకింగ్ ఏది వచ్చినా పారేయకుండా ఒక బియ్యం సంచిలో దాచా. నెలాఖరుకు ఆ సంచి పట్టుకుని తిరిగా. ఇందులో ఏది ఎవరు తీసుకుంటారు? ఏది వద్దంటారు? తీసుకున్నది చివరికి ఎక్కడికి పోతుంది? ఇవే నా ప్రశ్నలు.

తేలిందేంటో ముందే చెప్పేస్తా. ప్యాకెట్ మీద ముద్రించిన బాణాల గుర్తు చూసి అది రీసైకిల్ అవుతుందని నమ్మడానికి లేదు. దాన్ని కొనే మనిషి మన వీధికి వస్తాడా, రాడా అన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది.

డబ్బాలో ఆరు పొరలు

నెలల తరబడి నిల్వ ఉండే పాలు, జ్యూస్ డబ్బా మామూలుగా ఆరు పొరలతో ఉంటుంది. అన్నిటికన్నా బయట పల్చని పాలిథీన్ పొర, తేమ తగలకుండా. దాని కింద అట్ట, డబ్బాకి ఆకారం, గట్టిదనం ఇచ్చేది ఇదే. అట్టకీ రేకుకీ మధ్య మళ్లీ పాలిథీన్, జిగురులా పనిచేస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం రేకు. అది ఎంత పల్చన అంటే మన వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. వెలుతురు, గాలి లోపలికి పోకుండా ఆపేది అదే. చివర్లో, పాలకు తగిలేవైపు, ఇంకో రెండు పాలిథీన్ పొరలు.

బరువులో చూస్తే సుమారు 75 శాతం కాగితం, 20 శాతం ప్లాస్టిక్, 5 శాతం అల్యూమినియం. అంటే ముప్పావు భాగం కాగితమే. ఇందులో వాడేది మంచి పొడవు నారలున్న గట్టి కాగితం. పేపర్ మిల్లుకి అది పనికొచ్చే సరుకే. అయినా విడిగా రాదు. మా ఆఫీసు భాషలో దీన్ని 'టైట్లీ కపుల్డ్' అంటాం. ఒక మాడ్యూల్ తీయబోతే మిగతావన్నీ పట్టుకుని వచ్చేస్తాయి.

అలాగని ఈ డబ్బాని తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. స్వీడన్‌కి చెందిన రూబెన్ రౌసింగ్ 1951లో టెట్రాపాక్ కంపెనీ పెట్టాడు. మొదట్లో ఆ డబ్బా నాలుగు ముఖాలతో, మూలలు తేలి, మన సమోసాలా ఉండేది. ఆ ఆకారం పేరు టెట్రాహెడ్రన్. కంపెనీ పేరులో 'టెట్రా' అక్కణ్నుంచే వచ్చింది. ఇప్పుడు మనం చూసే ఇటుక ఆకారం 1960లలో వచ్చింది. పాలను కొన్ని సెకన్ల పాటు 135 డిగ్రీలు దాటేలా వేడిచేసి, వెంటనే చల్లార్చి, క్రిములు లేని డబ్బాలో గాలి చొరబడకుండా మూసేస్తారు. దాంతో ఫ్రిజ్ లేకుండానే నెలల పాటు నిల్వ ఉంటాయి. మే నెల ఎండలో, కరెంటు సరిగా ఉండని ఊళ్లో అదెంత పెద్ద సంగతో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ పిల్లలకు, గర్భిణులకు పాలు పంపుతూ వచ్చింది ఇలాంటి డబ్బాల్లోనే. ఫ్రిజ్ వ్యాన్ వెళ్లలేని చోటికి కూడా ఈ డబ్బా వెళ్తుంది.

డబ్బా చేసే పని గొప్పదే. ఆ పని అయిపోయాకే తంటా.

సంచిలో ఏమేం తేలాయి

నెలాఖరుకు సంచి హాల్లో బోర్లించాం. జ్యూస్, మజ్జిగ, పాల డబ్బాలు తక్కువే. అసలు గుట్ట వేరేది. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, నూడుల్స్ కవర్లు, మసాలా ప్యాకెట్లు, టమాటా సాస్ పొట్లాలు, షాంపూ సాచెట్లు, తలనొప్పి మాత్రల స్ట్రిప్పులు, పిండి పిండి పిప్పి చేసిన టూత్‌పేస్ట్ ట్యూబు, లోపల బుడగలున్న కొరియర్ కవర్లు, ఒకవైపు అట్ట, ఇంకోవైపు రేకు ఉన్న బిర్యానీ పార్సిల్ మూతలు, పేపర్ కప్పులు. అన్నీ ఒకే కుటుంబం. ఒకదానికొకటి పొసగని రెండు మూడు సరుకుల్ని విడదీయరాకుండా అతికించినవే.

పేపర్ కప్పు సంగతి చాలామందికి తెలీదు. ఉత్త కాగితమైతే చాయ్ పోయగానే నానిపోవాలి కదా. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టే ఆగుతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించారు. వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం పేపర్ కప్పులో 15 నిమిషాలు ఉంటే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి వస్తున్నాయని తేల్చారు. చాయ్ కప్పు పక్కన పెట్టుకుని రీల్స్ చూసే బ్యాచ్ ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

కాటా దగ్గర తీర్పు

"పాత పేపర్లు కొంటాం, పాత ఇనుప సామాన్లు కొంటాం" అని రికార్డు వేసుకుంటూ ఆదివారం మా వీధిలోకి ఒక ఆటో వస్తుంది. సంచి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టా. ఒక్కోటి తీసి చూశాడు. వాటర్ బాటిళ్లు ఓ పక్కకి, అట్టపెట్టెలు ఇంకో పక్కకి. జ్యూస్ డబ్బా చేతికి రాగానే తిరిగి నా సంచిలోనే పడేశాడు.

"ఇది నడ్వదు భయ్యా."

"ఎందుకు? ముప్పావు వంతు కాగితమే కదా?"

"పేపరోడు దీన్ని పేపర్ అనడు, ప్లాస్టికోడు ప్లాస్టిక్ అనడు. నేను కొని ఏడ అమ్మాలె?"

ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆయనకు పొరలు, మైక్రాన్లు అక్కర్లేదు. తన పైన కొనేవాడు ఉన్నాడా లేడా, అంతే. చిప్స్ ప్యాకెట్లనైతే ముట్టుకోనే లేదు.

ఆయన ఎగబడి తీసుకున్న వస్తువు ఒకటుంది. ఖాళీ పాల ప్యాకెట్ల కట్ట. చూడ్డానికి అది పక్కా ప్లాస్టిక్. జ్యూస్ డబ్బా పక్కన పెడితే పర్యావరణానికి శత్రువులా కనిపిస్తుంది. కానీ అది ఒకే రకం ప్లాస్టిక్, ఎల్‌డీపీఈ. కరిగిస్తే మళ్లీ అదే సరుకు. అందుకే దానికి రేటుంది. మన అమ్మలు పాల ప్యాకెట్ కడిగి, వంటింటి టైల్స్‌కి అతికించి ఆరబెట్టి, నెలకోసారి కట్టకట్టి అమ్మేది ఊరికే కాదు. అట్టపెట్టె ఒకటే సరుకు, దానికి రేటుంది. ఇనుము, ఇత్తడి, స్టీలు, అన్నిటికీ రేటుంది. సరుకులు కలిసిపోతే రేటు లేదు.

ఇంట్లో మీరే చిన్న టెస్ట్ చేయొచ్చు. ప్యాకెట్ వెనక బాణాల త్రికోణం మధ్యలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, వాటర్ బాటిల్ సరుకు. 2 అంటే హెచ్‌డీపీఈ, షాంపూ సీసాల్లాంటివి. 4 అంటే పాల ప్యాకెట్. 5 అంటే పాలీప్రొపిలీన్, పార్సిల్ డబ్బాల్లాంటివి. 7 అంటే 'ఇతరాలు'. పొరలు కలిపి అతికించిన ప్లాస్టిక్ ప్యాకెట్లు ఎక్కువగా ఈ గూటికే చేరతాయి. బాణాలు అన్నిటికీ ఒకేలా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. కాటా దగ్గర మాత్రం 7కి విలువ లేదు.

అక్క గంట ఖరీదు ఎంత?

కబాడీ ఆటో వద్దన్నది స్వచ్ఛ ఆటోకి పోతుంది. హైదరాబాద్‌లో 2015లో జీహెచ్‌ఎంసీ ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచింది. ఆకుపచ్చలో తడి, నీలంలో పొడి. అదే ఏడాది స్వచ్ఛ ఆటోలూ వీధుల్లోకి వచ్చాయి. చెత్తను విడదీసి ఇవ్వాల్సింది మనమేనని 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆ బుట్టలు ఇప్పుడు చాలా ఇళ్లలో బియ్యానికి, ఉల్లిపాయలకు, మొక్కలకు పనికొస్తున్నాయి.

మా వీధికి వచ్చే ఆటోని ఒకాయన నడుపుతాడు. వెనక ట్రాలీలో ఆయన భార్య నిలబడి ఏరుతూ ఉంటుంది. ఇళ్ల నుంచి నెలనెలా వచ్చే రుసుము, ఏరిన పొడి సామాను అమ్మితే వచ్చే డబ్బు. వాళ్ల సంపాదన అంతా ఇదే. ఆమె దగ్గరా సంచి విప్పా.

"ఇవి తీసుకుంటవా అక్కా?"

"తీస్కుంట సార్. తీస్కపోయి డంపుల పడేస్త. అమ్మనీకైతే రాదు."

"విడిగా ఇస్తే ఏమన్నా లాభమా నీకు?"

ఆమె నవ్వింది. "మీ అపార్ట్‌మెంట్ల అన్నం, పాంపర్లు, పగిలిన సీసలు అన్నీ ఒక్కతాన కట్టి ఇస్తరు. నేను ఏరేసరికి గంట అయితది. పొడిది పొడిగ ఇస్తే నాకు ఆ గంట మిగుల్తది. ఆ గంటల ఇంకో గల్లీ చేస్త."

మొత్తం వ్యవహారంలో నాకు బాగా తగిలిన మాట ఇదే. రీసైక్లింగ్ అంటే మనం మిషన్లు, టెక్నాలజీ అనుకుంటాం. మొదటి మెట్టు మాత్రం చేతికి సరైన గ్లౌజు కూడా లేని ఒక మనిషి టైము. సగం మజ్జిగ మిగిలిన డబ్బా ఎండలో రెండ్రోజులుంటే వచ్చే వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందులో చెయ్యి పెట్టేది ఆమె. మనం ఇంట్లో ముప్పై సెకన్లు మిగుల్చుకుంటే ఆమెకు గంట పోతుంది. గంట పోతే కూలి పోయినట్టే.

డబ్బా మళ్లీ పుడితే..

సరే, ఎవరో ఒకరు డబ్బాలన్నీ శుభ్రంగా పోగుచేశారనుకుందాం. అప్పుడేమవుతుంది? ఇక్కడ మంచి వార్తే ఉంది.

వాటిని హైడ్రాపల్పర్ అనే పెద్ద తొట్టిలో వేస్తారు. మన మిక్సీ జారునే ఓ గది సైజుకి పెంచినట్టు ఊహించుకోండి. నీళ్లు పోసి సుమారు అరగంట తిప్పుతారు. ఘాటైన రసాయనాలేవీ అక్కర్లేదు. కాగితం నారలు నాని, నీళ్లలో కలిసి గుజ్జవుతాయి. ప్లాస్టిక్, అల్యూమినియం అతుక్కున్న ముక్కలు విడిగా మిగులుతాయి. గుజ్జు అట్టపెట్టెలకు, కాగితానికి పోతుంది. మిగిలిన ముక్కల్ని 'పాలీ-ఆల్' అంటారు. ఆరబెట్టి, వేడిచేసి ఒత్తితే గట్టి పలకలు వస్తాయి. పైకప్పు రేకులు, బల్లలు, స్కూలు బెంచీలు చేస్తారు. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఖతీమాలో ఈ పని చేసే ఫ్యాక్టరీలున్నాయి.

అంటే సాంకేతికంగా దారుంది. మరి మన కబాడీ ఎందుకు కొనడు? లెక్క వేసి చూద్దాం.

లీటరు ఖాళీ డబ్బా బరువు సుమారు 30 గ్రాములు. కిలో కావాలంటే ముప్పైకి పైగా డబ్బాలు, టన్నుకి 33 వేలు. మాలాంటి 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇంటికి వారానికి రెండు డబ్బాలు వస్తాయనుకున్నా, వారానికి 120. అంటే మూడున్నర కిలోలు. ఈ లెక్కన టన్ను పోగవ్వడానికి ఐదేళ్లకు పైనే పడుతుంది! హైదరాబాద్ నుంచి పాల్ఘర్ ఏడు వందల కిలోమీటర్లకు పైనే. మూడున్నర కిలోలకి లారీ ఎవరు పంపుతారు?

అదే వంద అపార్ట్‌మెంట్లు కలిస్తే? మూడు వారాల్లోపే టన్ను. లెక్క ఒక్కసారిగా మారిపోయింది. వాటర్ బాటిల్ కూడా తేలికే. కానీ దాన్ని కొనే చిన్న షాపు ప్రతి బస్తీలో ఉంది, ఆ షాపు నుంచి కొనే పెద్ద షాపు ఉంది, దాని పైన మిల్లుంది. డబ్బాకి మిల్లుంది గానీ మధ్యలో మెట్లు లేవు.

చిప్స్ ప్యాకెట్ కథ వేరు

ఇక మా సంచిలో సింహభాగం ఆక్రమించిన చిప్స్ ప్యాకెట్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ తీపి కబుర్లు లేవు.

ఆ మెరుపు పొరని, మామూలు ప్లాస్టిక్ మీద అల్యూమినియంని ఆవిరిలా పట్టించి చేస్తారు. దానికి బొమ్మలు ముద్రించిన ఇంకో పొర, సీల్ వేయడానికి మరో పొర. వీటన్నిటి కరిగే వేడి ఒకటి కాదు. పాలిథీన్ 110 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడితే, పెట్ కరగాలంటే 250 దాటాలి. రెండూ కలిపి కరిగిస్తే ఒకటి మాడిపోతుంది, ఇంకోటి కరగనే కరగదు. హైడ్రాపల్పర్‌లో వేద్దామంటే నానడానికి అందులో కాగితమే లేదు.

చట్టం ఏమంటోంది? ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు 2016లో వచ్చినప్పుడు, రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్లాస్టిక్‌ని రెండేళ్లలో పూర్తిగా ఆపేయాలని రాశారు. రెండేళ్లు నిండే సమయానికి, 2018 సవరణలో మాట మారింది. రీసైకిల్ చేయలేనిది, శక్తి ఉత్పత్తికి పనికిరానిది, ఇంకే రకంగానూ ఉపయోగపడనిది మాత్రమే ఆపాలన్నారు. మండించి వేడి రాబట్టగలిగితే చాలు, తప్పించుకోవచ్చన్నమాట. ప్లాస్టిక్‌లో మండనిదేముంది?

2022 ఫిబ్రవరిలో ఇంకో అడుగు పడింది. ప్యాకింగ్‌ని మార్కెట్లోకి వదిలిన కంపెనీలే దాన్ని వెనక్కి తెప్పించే బాధ్యత తీసుకోవాలని ఈపీఆర్ మార్గదర్శకాలు వచ్చాయి. అందులో ప్లాస్టిక్‌ని నాలుగు కేటగిరీలు చేశారు. మూడోది బహుళ పొరలది. కనీసం ఒక పొర ప్లాస్టిక్, కనీసం ఒక పొర వేరే సరుకు ఉండాలన్నది దాని నిర్వచనం. అది చదివితే మన జ్యూస్ డబ్బా నేరుగా అందులోనే పడుతుంది. మనం కాగితం అనుకుని మురిసిపోయే డబ్బా చట్టం లెక్కలో ప్లాస్టిక్ ప్యాకింగే! ఈ కేటగిరీలో 2024-25కి 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ కావాలని లక్ష్యం పెట్టారు.

రీసైకిల్ చేయలేని ప్యాకెట్లను సిమెంట్ ఫ్యాక్టరీలకు, కరెంటు ప్లాంట్లకు పంపుతారు. సిమెంట్ బట్టీలో వేడి 1400 డిగ్రీలు దాటుతుంది. బొగ్గుకి బదులు కొంత ఇది మండుతుంది. వీధి చివర కుప్పపోసి కాల్చడం కన్నా నూరు రెట్లు నయం. అయితే దీన్ని రీసైక్లింగ్ అనకూడదు. మండిన ప్యాకెట్ మళ్లీ ప్యాకెట్ కాదు. చట్టం కూడా దీన్ని చివరి మజిలీ కిందే రాసింది.

పుణెలో 'ఆశయ' అనే సంస్థ చిప్స్ ప్యాకెట్ల నుంచి కళ్లజోళ్లు తయారుచేసి 2023లో వార్తల్లోకెక్కింది. చేయొచ్చని నిరూపించారు. కానీ దేశంలో రోజూ చిరిగే ప్యాకెట్లన్నిటితో కళ్లజోళ్లు చేస్తే పెట్టుకోడానికి అన్ని ముక్కులెక్కడివి?

డిజైన్ మారితే ఎలా ఉంటుందంటే

2022 జూలై 1 గుర్తుందా? ఆ రోజు నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు దేశమంతటా బంద్. అందులో స్ట్రా ఒకటి. చిన్న జ్యూస్ డబ్బాలకు అతికించే స్ట్రాకి మినహాయింపో, ఇంకొంత గడువో ఇవ్వమని పెద్ద పెద్ద కంపెనీలు అడిగాయి. కేంద్రం ఒప్పుకోలేదు. ఏమైంది? పేపర్ స్ట్రాలు వచ్చాయి. సగం జ్యూస్ తాగేసరికి నానిపోతున్నాయని మనం మీమ్స్ వేసుకున్నాం. అయినా మార్పు వచ్చింది. తప్పనిసరైతే కంపెనీలు దారి వెతుక్కుంటాయి.

టూత్‌పేస్ట్ ట్యూబు ఇంకో ఉదాహరణ. దశాబ్దాల పాటు అది ప్లాస్టిక్, అల్యూమినియం పొరలతోనే ఉండేది. కోల్గేట్ 2019లో మొత్తం హెచ్‌డీపీఈతోనే, అంటే షాంపూ సీసా సరుకుతోనే, రీసైకిల్ అయ్యే ట్యూబు తెచ్చింది. పిండితే అలాగే వస్తుంది. వాడేవాడికి తేడా తెలీదు. కాటా దగ్గర తేడా తెలుస్తుంది.

మాకు ఆఫీసులో బగ్ ఎంత ముందు దొరికితే ఖర్చు అంత తక్కువ. డిజైన్ దశలో దొరికితే ఒక మీటింగు. లైవ్‌కి వెళ్లాక దొరికితే రాత్రంతా జాగారం. ప్యాకింగ్‌లోనూ అంతే. పొరలు తగ్గించే పని ఫ్యాక్టరీలో అయితే ఒకసారి చేస్తే చాలు. అక్కడ చేయకపోతే ప్రతి వీధిలో ప్రతి పొద్దున ఎవరో ఒకరు చేతులతో చేయాలి.

అంబికాపూర్‌లో ఎలా కుదిరింది?

'మన దేశంలో ఇవన్నీ అయ్యేవి కావులే' అనేవాళ్లకి ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ చూపించాలి. అక్కడ చెత్త సేకరణ మహిళా స్వయం సహాయక సంఘాల చేతుల్లో ఉంది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి తడి, పొడి వేరుగా తెస్తారు. ఊళ్లోని కేంద్రాల్లో కూర్చుని మళ్లీ రకరకాలుగా విడదీస్తారు. ఏ రకం ఆ రకంగా పోగుపడింది కాబట్టి దానికి కొనుగోలుదారు దొరుకుతాడు. ఊరి పాత డంపింగ్ యార్డు పార్కుగా మారింది. 2019లో అక్కడ 'గార్బేజ్ కేఫ్' కూడా తెరిచారు. కిలో ప్లాస్టిక్ తెస్తే కడుపునిండా భోజనం, అరకిలో తెస్తే టిఫిన్.

పెద్ద మిషన్ల కన్నా ముందు వాళ్లు ఏరే పనిని గౌరవమైన ఉద్యోగం చేశారు. రహస్యం అక్కడుంది.

మరి మనమేం చేయొచ్చు?

మా అపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టింది చిన్నదే. లిఫ్ట్ పక్కన ఒక గోనెసంచి కట్టాం. పైన 'ఖాళీ డబ్బాలు మాత్రమే' అని రాశాం. మొదటి వారం అందులో పూజ పూలు, పిజ్జా ముక్కలు కూడా పడ్డాయి. వాట్సాప్ గ్రూపులో రెండు గొడవలయ్యాక సర్దుకుంది. సంచి నిండాక దగ్గర్లోని పొడి చెత్త కేంద్రంలో అడిగితే, "పది సంచులు కలిపి తెస్తే పెద్ద వ్యాపారికి ఇస్తాం, ఒక్కటి తెస్తే డంపుకే" అన్నారు. పక్క రెండు అపార్ట్‌మెంట్లని కలుపుకున్నాం. పదో సంచి ఇంకా నిండలేదు. ప్రస్తుతానికి ఏడు.

మీరూ చేయాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

డబ్బా ఖాళీ అవగానే కాసిని నీళ్లు పోసి గిలకరించండి. మూలలు విప్పి, చదునుగా నొక్కండి. పది డబ్బాలు ఒక డబ్బా జాగాలో పడతాయి. అట్ట, ప్లాస్టిక్, రేకు విడదీయాలని చూడకండి. ఆ పని మిల్లులో అవుతుంది.

పాల ప్యాకెట్, సాచెట్ మూల పూర్తిగా కత్తిరించకండి. గాటు పెట్టి వదిలేయండి. ఊడిపోయిన ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరలేరు. అది నేరుగా కాలువకే.

ఫ్రిజ్ ఉండి, పొద్దున్నే పాలు దొరికే చోట ఉంటే మామూలు పాల ప్యాకెట్ చాలు. కడిగి ఆరబెడితే దానికి రేటు కూడా వస్తుంది. నెలల నిల్వ డబ్బా నిజంగా అవసరమైనప్పుడే కొనండి.

పది చిన్న చిప్స్ ప్యాకెట్ల బదులు ఒక పెద్దది, ముప్పై సాచెట్ల బదులు ఒక సీసా. ఖాళీ ప్యాకెట్లన్నీ ఒకే కవర్లో కూరి పొడి చెత్తలో ఇవ్వండి. విడివిడిగా ఎగిరిపోకుండా ఉంటాయి.

ఆఫీసు చాయ్‌కి స్టీలు గ్లాసో, పింగాణీ కప్పో డెస్క్ మీద పెట్టుకోండి. ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఏదీ కాల్చకండి. మాత్రల స్ట్రిప్పుల్లో ఎక్కువగా పీవీసీ ఉంటుంది. అది మండితే వచ్చే విషపు పొగ ముందుగా మన ఇంటికే వస్తుంది. డైపర్లు, ప్యాడ్లు, పగిలిన గాజు, బ్లేడ్లు విడిగా కాగితంలో చుట్టి ఇవ్వండి. ఇది ప్యాకింగ్ సంగతి కాకపోయినా, ఏరే చేతులు అవే.

ఇంకోటి. ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ నంబరు, మెయిల్ ఐడీ ఉంటాయి. ఫుడ్ డెలివరీ పది నిమిషాలు లేటైతే కంపెనీని ట్యాగ్ చేసి ఉతికేస్తాం. 'మీ ఖాళీ డబ్బా మా ఊళ్లో ఎవరు తీసుకుంటారు?' అని ఒక్క మెసేజ్ పెట్టడానికి ఎంతసేపు? వెనక్కి తెప్పించే బాధ్యత వాళ్లదేనని చట్టంలోనే ఉంది. నేను మూడు కంపెనీలకు మెయిల్ పెట్టా. ఒకరు ఎక్కడో ముంబైలో ఉన్న సేకరణ కేంద్రం అడ్రస్ పంపారు. మిగతా ఇద్దరివీ ఆటోమేటిక్ రిప్లైలే. ఒక్కడు అడిగితే ఆటోమేటిక్ రిప్లై వస్తుంది. వెయ్యిమంది అడిగితే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని జవాబు రాయక తప్పదు.

ఇంతకీ మొదటి ప్రశ్నకి జవాబు: నీలం బుట్ట. కడిగి, నొక్కి, పొడిగా.